ఇంజిన్ వెనకుంటే మలుపు లెక్కే వేరు

మలుపులో భయమేస్తే డ్రైవరు కాలు ఎవరూ చెప్పకుండానే ఒక పని చేస్తుంది. యాక్సిలరేటర్ మీద నుంచి లేచిపోతుంది. ఇప్పటి మామూలు కార్లలో చాలావరకు అది మంచి పనే. బండి నెమ్మదిస్తుంది, ముక్కు మలుపు లోపలికి తిరుగుతుంది, గండం గడుస్తుంది. అదే పని 1965 నాటి పోర్షె 911లోనో, తొలినాళ్ల షెవ్రొలే కోర్వేర్‌లోనో, తడి రోడ్డు మీద, వేగంగా తిరుగుతున్నప్పుడు చేస్తే వెనక భాగం ఒక్కసారిగా బయటికి విసురుకుపోతుంది. ఏం జరిగిందో తెలిసేలోపే కారు వచ్చిన దారివైపు తిరిగిపోతుంది. ప్రాణం కాపాడుకోవాలని చేసిన పనే ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ తేడా అంతా ఇంజిన్ ఉన్న చోటుతో వచ్చిందే. వెనక ఇంజిన్ కారు అంటే ఇంజిన్ వెనక ఇరుసుకు కూడా అవతల, దాదాపు బంపర్ దగ్గర ఉండే కారు. నేటి రేసు కార్లలో డ్రైవరు వీపు వెనక, ఇరుసుకు ముందు ఉండే ఇంజిన్ అమరిక దీనికి భిన్నమైనది. వెనక క్యారియర్ మీద బియ్యం బస్తా కట్టుకుని సైకిల్ తొక్కినవాళ్లకు ఈ కారు స్వభావం సగం తెలిసినట్టే. హ్యాండిల్ తేలికైపోతుంది, ముందు చక్రం నేల మీద నిలిచినట్టు ఉండదు, గబుక్కున తిప్పితే బస్తా తన దారిన తాను పోవాలని చూస్తుంది.

మరి అంత తెలిసీ ఇంజనీర్లు ఇంజిన్‌ను అక్కడ ఎందుకు పెట్టారు? వాళ్ల కారణాలు బలమైనవే. ఇంజిన్, గేర్‌బాక్స్, నడిచే చక్రాలు అన్నీ ఒకేచోట ఉంటే కారు కింద పొడవునా సాగే ప్రొపెల్లర్ షాఫ్ట్ అక్కర్లేదు. ఖర్చు తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, కాళ్ల దగ్గర అడ్డు లేకుండా నేల చదునుగా ఉంటుంది. బరువంతా నడిచే చక్రాల మీదే ఉంటుంది కాబట్టి బురదలో, మంచులో, ఎత్తు ఎక్కేటప్పుడు చక్రం ఊరికే తిరగదు. చెకోస్లోవేకియాలో హాన్స్ లెడ్వింకా 1934లో టాట్రా 77ను, ఆ తర్వాత టాట్రా 87ను ఇలాగే కట్టాడు. 87లో గాలితో చల్లబడే వి8 ఇంజిన్ తోక భాగంలో ఉండేది. ఫెర్డినాండ్ పోర్షె రూపొందించిన ఫోక్స్‌వాగన్ బీటిల్ 2003లో మెక్సికోలో ఆగిపోయేనాటికి 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారైంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఫ్రాన్స్‌లో రెనో 4సీవీ, ఇటలీలో ఫియట్ 600, స్కాట్లండ్‌లో తయారైన హిల్‌మన్ ఇంప్, చెక్ దేశపు స్కోడా 1000 ఎంబీ అన్నీ ఇదే దారి పట్టాయి. సామాన్యుడికి చవగ్గా కారు అందించాలనుకున్నవాళ్లలో చాలామందికి అప్పట్లో ఇంజిన్ వెనక పెట్టడమే సులువైన పరిష్కారంగా కనిపించింది.

చిక్కు మలుపులో వస్తుంది. కారు తిరిగేటప్పుడు టైరు తాను చూస్తున్న దిక్కుకే సరిగ్గా పోదు. రబ్బరు మెలితిరిగి, చూసే దిక్కుకూ కదిలే దిక్కుకూ మధ్య కొన్ని డిగ్రీల తేడా వస్తుంది. దీన్ని జారుడు కోణం అంటారు. ఆ కోణం నుంచే పక్కకు లాగే బలం పుడుతుంది. మోయాల్సిన బరువు పెరిగితే టైరు పట్టు కూడా పెరుగుతుంది గానీ అంతే నిష్పత్తిలో పెరగదు. బరువు రెట్టింపయితే పట్టు రెట్టింపుకు తక్కువే వస్తుంది. అందుకే నాలుగు టైర్లూ ఒకే కొలతలో ఉన్న వెనక ఇంజిన్ కారులో, అరవై శాతం బరువు మోస్తున్న వెనక టైర్లు ముందువాటికంటే ఎక్కువ కోణంలో జారితే తప్ప బండిని మలుపులో నిలపలేవు. ఇలా వెనక భాగం ముందుగా జారడాన్ని ఓవర్‌స్టీర్ అంటారు. ముందు చక్రాలు జారి బండి నేరుగా పోవడం అండర్‌స్టీర్.

ఇక కాలు లేపితే ఏమవుతుందో ఒక లెక్క వేసి చూడవచ్చు. కారు బరువు 1000 కిలోలు అనుకుందాం. వెనక 600, ముందు 400. గురుత్వ కేంద్రం నేలకు అర మీటరు ఎత్తున ఉంది, ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, అంటే వీల్‌బేస్, 2.2 మీటర్లు. గేరులో ఉండగా యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలితే ఇంజినే బ్రేకులా పట్టుకుంటుంది. ఆ చిన్న ఊపుకే ముప్ఫై కిలోలకు పైగా బరువు వెనక నుంచి ముందుకు వచ్చేస్తుంది. కంగారులో బ్రేకు కూడా గట్టిగా తొక్కితే అది 130 కిలోలు దాటుతుంది. ముందు టైర్ల పట్టు పెరిగి ముక్కు లోపలికి కొరుక్కుంటుంది. అదే క్షణంలో వెనక టైర్లు నేల మీద ఒత్తిడి కోల్పోతాయి. కానీ అవి అదుపు చేయాల్సిన ఇంజిన్ బరువు మాత్రం ఎక్కడికీ పోలేదు, వెనకే ఉంది. పైగా ఇంజిన్ లాగే బ్రేకు కూడా వెనక చక్రాలకే తగులుతుంది కాబట్టి, ఉన్న కాస్త పట్టులో కొంత దానికే ఖర్చయిపోతుంది.

ఇంకొకటుంది. బరువు కారు మధ్యలో ఉంటే బండి చటుక్కున తిరుగుతుంది, చటుక్కున ఆగుతుంది. బరువు కొసన ఉంటే జడత్వ భ్రామకం ఎక్కువ. అంటే తిరగడం మొదలవడానికి సమయం పడుతుంది, మొదలయ్యాక ఆపడమూ కష్టమే. తోక కదిలిందని డ్రైవరు నడుముకు తెలిసేసరికే అది వేగం పుంజుకుని ఉంటుంది. స్టీరింగ్‌ను జారుతున్న వైపుకు తిప్పి సరిచేయడానికి దొరికే వ్యవధి చాలా తక్కువ.

ఇంజిన్ స్థానం ఒక్కటే అయితే ఇంత చెడ్డపేరు వచ్చేది కాదు. దానికి తోడైనది స్వింగ్ యాక్సిల్ అనే అమరిక. బీటిల్, పోర్షె 356, రెనో డొఫీన్, 1960 నుంచి 1964 వరకు వచ్చిన కోర్వేర్‌లలో వెనక ఇరుసు రెండు ముక్కలుగా, గేర్‌బాక్స్ దగ్గర మాత్రమే కీలు కట్టుకుని ఉండేది. చక్రం ఆ ఇరుసుకు బిగించినట్టు నిలువుగా ఉంటుంది. దాంతో ఇరుసు కిందికో పైకో ఊగిన ప్రతిసారీ చక్రం కూడా వాలుతుంది. వేగంగా మలుపు తిరిగేటప్పుడు బయటివైపు టైరు మీద పడే పక్కబలం నేల దగ్గర పనిచేస్తుంది, కీలు మాత్రం దానికి పైన ఉంటుంది. ఆ బలం ఇరుసును లోపలికి తోస్తూ కారు వెనక భాగాన్ని పైకి ఎత్తేస్తుంది. వెనక భాగం లేచిన కొద్దీ చక్రం అడుగుభాగం లోపలికి ముడుచుకుపోతుంది. అరచెయ్యంత వెడల్పున నేలను పట్టుకోవాల్సిన టైరు అంచు మీద నిలబడుతుంది. సరిగ్గా ఆ క్షణంలో డ్రైవరు కాలు లేపితే బరువు ముందుకు పోయి వెనక ఇంకా లేస్తుంది. భౌతిక సూత్రాలు రెండూ ఒకదానికొకటి తోడై ఒకే దిక్కుకు నెట్టడం ఇక్కడే కనిపిస్తుంది.

ఆ ప్రమాదం అమెరికాలో కోర్టులకెక్కింది. జనరల్ మోటార్స్ 1959 చివర్లో విడుదల చేసిన కోర్వేర్‌కు గాలితో చల్లబడే ఆరు సిలిండర్ల అల్యూమినియం ఇంజిన్ వెనక ఉండేది. తోక జారకుండా కంపెనీ ఎంచుకున్న మార్గం టైర్ల గాలి. ముందు టైర్లలో 15 పౌండ్లు, వెనక టైర్లలో 26 పౌండ్లు ఉండాలన్నారు. ముందు మెత్తగా ఉంటే ముందే ఎక్కువ జారుతుంది, వెనక గట్టిగా ఉంటే నిలుస్తుంది. లెక్క సరైనదే. కానీ పెట్రోలు బంకులో గాలి కొట్టే కుర్రాడికి ఆ సంగతి తెలియదు. నాలుగు టైర్లకూ సమానంగా కొట్టి పంపేవాడు. కారు యజమాని కారుతో వచ్చిన చిన్న పుస్తకం తెరిచి చూసింది లేదు. ముందు వైపు ఒరుగును తగ్గించే యాంటీ రోల్ బార్ అనే ఇనుప కమ్మీని కంపెనీ 1964లో గానీ అన్ని కార్లకూ అమర్చలేదు. 1965 మోడల్‌లో వెనక ఇరుసు మొత్తాన్ని మార్చి స్వింగ్ యాక్సిల్‌కు స్వస్తి చెప్పింది.

యువ న్యాయవాది రాల్ఫ్ నేడర్ పుస్తకం ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’ అదే 1965 నవంబరులో వచ్చింది. మొదటి అధ్యాయం కోర్వేర్ గురించే. అప్పటికి ఆ కారు మీద వందకు పైగా దావాలు నడుస్తున్నాయి. కంపెనీ నేడర్ వెంట ప్రైవేటు డిటెక్టివ్‌లను తిప్పిందని బయటపడడంతో 1966 మార్చిలో జనరల్ మోటార్స్ అధ్యక్షుడు జేమ్స్ రోష్ సెనేట్ కమిటీ ముందు క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ సెప్టెంబరులోనే అమెరికా వాహన భద్రతా చట్టం వచ్చింది. 1972లో ప్రభుత్వ భద్రతా సంస్థ కోర్వేర్‌ను ఫోర్డ్ ఫాల్కన్, ప్లిమత్ వేలియంట్, బీటిల్, డొఫీన్‌లతో పోల్చి పరీక్షలు చేయించి, ఆ కాలపు ఇతర కార్లకంటే ఇది ప్రత్యేకించి ఎక్కువ ప్రమాదకరం కాదని తేల్చింది.

ఈ నివేదికను చూపి నేడర్‌దే తప్పు అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది సగం న్యాయమే. కోర్వేర్ ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం సరికాకపోవచ్చు. అయితే చిన్న సవరణతో తగ్గించగల ప్రమాదాన్ని టైర్ల గాలికీ, ఆ గాలి సంగతి తెలియని కొనుగోలుదారుకూ వదిలేయడం తప్పే. పిల్లల్ని బడి దగ్గర దింపడానికి కారు కొన్న తల్లికి ఓవర్‌స్టీర్ సరిచేసే నైపుణ్యం ఉండాలని ఆశించే హక్కు ఏ తయారీదారుకూ లేదు.

పోర్షె కథ ఇందుకు భిన్నంగా నడిచింది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 901 పేరుతో కనిపించి, పేరు మధ్యలో సున్నా మీద పూజో కంపెనీ అభ్యంతరం చెప్పడంతో 911గా మారిన ఆ కారులో స్వింగ్ యాక్సిల్ లేదు. వెనక చక్రాలకు ట్రెయిలింగ్ ఆర్మ్‌లు అనే మెరుగైన అమరిక వచ్చింది. అయినా తొలి కార్లు తోక ఝళిపించేవి. ఇంజనీర్లు ముందు బంపర్ రెండు మూలల్లో ఒక్కోటి సుమారు 11 కిలోల పోత ఇనుప దిమ్మలు దాచారు. బరువు తగ్గించడానికి గ్రాములు లెక్కపెట్టే స్పోర్ట్స్ కారులో ఊరికే మోయడానికి ఇనుము పెట్టారంటే వాళ్లను ఆ తోక ఎంత ఇబ్బంది పెట్టిందో తెలుస్తుంది. అసలు మందు 1969 మోడల్‌లో దొరికింది. ఇంజిన్‌ను కదపకుండా వెనక చక్రాలనే 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు. వీల్‌బేస్ 2211 నుంచి 2268 మిల్లీమీటర్లకు పెరిగింది. ఒక పెద్ద బ్యాటరీ బదులు రెండు చిన్నవి చేసి ముందు మడ్‌గార్డుల్లో చెరోవైపు పెట్టారు. చూసేవాళ్ల కంటికి ఆనని మార్పులివి. నడిపేవాళ్లకు మాత్రం అది వేరే కారు. 1973 కరేరా ఆర్‌ఎస్‌లో వెనక టైర్లు ముందువాటికంటే వెడల్పు చేశారు, వేగంలో వెనక భాగం గాలికి తేలిపోకుండా ఇంజిన్ మూత చివర బాతు తోకలాంటి రెక్క పెట్టారు.

అయితే ఈ సవరణలన్నీ రాకముందే ఆ పొట్టి వీల్‌బేస్ కారుతో అద్భుతాలు చేసినవాళ్లున్నారు. ఇంగ్లండ్‌కు చెందిన విక్ ఎల్‌ఫర్డ్ 1968 జనవరిలో డేవిడ్ స్టోన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని 911టీతో మాంటే కార్లో ర్యాలీ గెలిచాడు. కొండ దారులు, ఎక్కడ మంచు గడ్డకట్టిందో ఎక్కడ రోడ్డు పొడిగా ఉందో మలుపు దాటేవరకు తెలియని రాత్రులు. ఆ మరుసటి రెండేళ్లూ, 1969లో, 1970లో, స్వీడన్‌కు చెందిన బ్యోర్న్ వాల్డెగార్డ్ 911తోనే అదే ర్యాలీ గెలిచాడు. 1973లో మొట్టమొదటి ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ తయారీదారుల టైటిల్ అందుకున్నది ఫ్రాన్స్ వారి ఆల్పీన్ ఏ110. అదీ వెనక ఇంజిన్ కారే, ఏళ్ల తరబడి స్వింగ్ యాక్సిల్‌తోనే నడిచింది. వెనక చక్రాల పైభాగం ముందే బాగా లోపలికి వాలి ఉండేలా అమర్చి, మలుపులో టైరు అంచు మీదికి లేచే ప్రమాదాన్ని తగ్గించారు. ఐర్లండ్‌కు చెందిన రోజ్‌మేరీ స్మిత్ 1965లో చిన్న హిల్‌మన్ ఇంప్‌తో మంచు ముంచెత్తిన ట్యూలిప్ ర్యాలీలో మగ డ్రైవర్లందరినీ దాటి మొదటి స్థానంలో నిలిచింది. చక్రాల మీద బరువు ఉన్న చిన్న కారుకు మంచు శత్రువు కాదు, బలమైన ఇంజిన్లున్న పెద్ద కార్లకే అది శత్రువు.

వీళ్లు చేసిందేమిటి? దగ్గరగా చూస్తే అది ధైర్యం కంటే క్రమం. బ్రేకు తొక్కడమంతా మలుపుకు ముందే, స్టీరింగ్ నేరుగా ఉన్నప్పుడే పూర్తవుతుంది. అలా నేరుగా ఆపేటప్పుడు వెనక ఇంజిన్ వరమే. ముందుకు వచ్చిన బరువుతో నాలుగు చక్రాలూ దాదాపు సమానంగా నేలను పట్టి బ్రేకు వేస్తాయి. కింది గేరు అప్పుడే పడిపోతుంది. ఆ తర్వాత బ్రేకు మీద కాలిని ఒక్కసారిగా తీయరు, మెల్లగా జారవిడుస్తారు. ఎందుకంటే ఆ కొద్ది ఒత్తిడే తేలికపాటి ముక్కును నేలకు అదిమి తిరగనిస్తుంది. ముక్కు లోపలికి తిరిగిందని చేతులకు తెలిసిన వెంటనే కుడికాలు యాక్సిలరేటర్ మీదికి వస్తుంది. వేగం పెంచడానికి కాదు, బరువును వెనక టైర్ల మీద కూర్చోబెట్టడానికి. మలుపు మధ్య దాటి రోడ్డు తెరుచుకున్నాక కాలు దించుతారు. ముందు ఇంజిన్ కార్ల చక్రాలు ఇంకా గిలగిలలాడుతుండగా వెనక ఇంజిన్ కారు నేలను అదిమిపట్టి దూసుకుపోతుంది. ఎల్‌ఫర్డ్ లాంటివాళ్లు సంపాదించిన సెకన్లు ఎక్కువగా ఈ చివరి భాగంలోనివే.

తోక జారడం మొదలైతే? అప్పుడు పనికొచ్చేది నేర్చిన చేతివాటం. జారుతున్న వైపుకు స్టీరింగ్ తిప్పాలి, యాక్సిలరేటర్‌ను ఉన్నచోటే నిలపాలి, లేదా వెంట్రుకవాసి తగ్గించాలి. తోక వెనక్కి రాగానే అంతే చురుగ్గా స్టీరింగ్ సరిచేయాలి. లేకపోతే బండి అవతలి వైపుకు విసురుకుంటుంది. పుట్టుకతో వచ్చే భయానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. అందుకే దీన్ని మామూలు రోడ్డు మీద కాకుండా, చుట్టూ తగలడానికి ఏమీ లేని మైదానంలో, నీళ్లు చల్లిన నేల మీద, తక్కువ వేగంతో, మళ్లీ మళ్లీ చేసి నేర్చుకోవాలి.

ఆ నైపుణ్యానికీ ఒక హద్దుందని 1975లో అమ్మకానికొచ్చిన 911 టర్బో నిరూపించింది. మూడు లీటర్ల ఇంజిన్, 260 హార్స్‌పవర్, నాలుగే గేర్లు. ఆనాటి టర్బో కాలు దించగానే స్పందించేది కాదు. ఒక క్షణం మౌనంగా ఉండి, ఆ తర్వాత బలమంతా ఒక్కసారి విడిచేది. మలుపు మధ్యలో కాలు దించిన డ్రైవరు ఏమీ రాలేదని ఇంకాస్త దించేవాడు. అంతలో బలం వచ్చి వెనక చక్రాల పట్టు తెంచేసేది. భయపడి కాలు లేపితే పైన చెప్పిందంతా మొదలు. దానికి ఇంగ్లిషులో ‘విడోమేకర్’ అనే పేరు పడింది. డబ్బు పెట్టి కొనగలిగినంత మాత్రాన నడపగలమని నమ్మినవాళ్లకు అది చాలా కఠినమైన కారు.

తర్వాతి కాలంలో పోర్షె ఈ భారాన్ని కొద్దికొద్దిగా డ్రైవరు మీద నుంచి తీసి యంత్రం మీద పెట్టింది. 1989లో నాలుగు చక్రాలూ నడిచే కరేరా 4 వచ్చింది. 1993లో వచ్చిన 993 తరంలో వెనక చక్రాలను అనేక కడ్డీలతో పట్టి ఉంచే కొత్త అమరిక పెట్టారు. ఆ తర్వాత ఎలక్ట్రానిక్ స్థిరత్వ వ్యవస్థ వచ్చి, తోక కదిలీ కదలకముందే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి బండిని దారిలో పెడుతోంది. రేసు ట్రాకు మీద మాత్రం పోర్షె 2017 సీజన్‌కు తెచ్చిన 911 ఆర్‌ఎస్‌ఆర్‌లో ఇంజిన్‌ను ఇరుసుకు ముందుకు జరిపేసింది. గెలుపే ముఖ్యమైనచోట భౌతికశాస్త్రం మాటే చెల్లింది.

మన రోడ్ల మీద ఈ కథకు రెండు ఆనవాళ్లున్నాయి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఇంజిన్ ముందే ఉన్నా వెనక స్వింగ్ యాక్సిల్‌తో వచ్చింది. 1972లో దాని స్థానంలో వచ్చిన గెజెల్‌కు ఆ ఇరుసు తీసేసి, మన మెకానిక్‌లకు అలవాటైన గట్టి ఇరుసు వేశారు. రెండోది 2009 నాటి టాటా నానో. 624 సీసీ ఇంజిన్ వెనక ఉంది. దాని టైర్లను పరిశీలించినవారికి ముందువి సన్నగా, వెనకవి వెడల్పుగా కనిపిస్తాయి. తోకకు పట్టు ఎక్కువివ్వడానికి చేసిన ఏర్పాటు అది. కాబట్టి నానో యజమానులు ముందు టైర్లను, వెనక టైర్లను ఒకదాని చోట ఒకటి మార్చి వేయించుకోకూడదు.

పాత బీటిల్‌నో, పాత స్కోడానో చేతికి తీసుకునే అదృష్టం దొరికినవాళ్లు ముందుగా చేయాల్సినవి రెండు. టైర్లు ఏ ఏడాదివో పక్కనున్న అంకెలు చూసి, పాతబడి గట్టిపడినవైతే గాట్లు ఎంత లోతుగా ఉన్నా మార్చేయండి. గాలి కొట్టించేటప్పుడు ముందుకు ఎంత, వెనకకు ఎంత అన్నది ఆ కారు పుస్తకంలో చూసి రాసుకుని వెళ్లి, దగ్గర నిలబడి కొట్టించండి. ఘాట్ రోడ్డు ఎక్కించడం ఆ తర్వాతి సంగతి.